దొర ఐదు, కౌలాలంపూర్ ఐదు

కౌలాలంపూర్ చూపించడానికి ఎనభై సెంట్లకి టాక్సీ మాట్లాడిన మనిషిని నేను. మెర్డేకాకి, అంటే మలయాకి స్వాతంత్ర్యం రావడానికి, ముందటేడు సంగతి. ఆ రోజుల్లో ఎవరినడిగినా, పూటకి మూడు డాలర్లు పెట్టందే అక్కడ బండి కదలదనేవారు. నేను కదిలించాను. అంత తెలివితక్కువ పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు. కానీ చేసిన తీరు చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి ఇప్పటికీ పదిమందిలో చెప్పుకుంటాను.

మేం కొట్టువాళ్ళం. బంటింగ్ బజారులో మా నాన్నది కిరాణా కొట్టు, ఎడం పక్క మా చిన్నాన్నది బట్టల కొట్టు, కుడి పక్క ఎవరిదో కాఫీ కొట్టు. నాకు అక్షరాలకంటే ముందు తూకాలొచ్చాయి. ఎమర్జెన్సీ రోజులవి. దొరల మీద తిరగబడి అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి చేరకూడదని, చేపల డబ్బా అమ్మితే మూతకి చిల్లు పొడిచి మరీ ఇవ్వాలని ఉత్తర్వు. చిల్లు పడ్డ సరుకు కదా, అయిదు సెంట్లు తగ్గించమని నాతో బేరమాడిన ముసలాయన ఒకాయనున్నాడు. ఆయనంటే నాకు ఈరోజుకీ గౌరవం.

కొట్లు కట్టెయ్యడానికి కూడా వేళ ఉండేది. ఆ వేళ దాటితే జరిమానా. అందుకని మా నాన్న కొట్టు గడియారాన్ని పావుగంట వెనక్కి నడిపేవాడు. పోలీసు వచ్చి అడిగితే గోడకేసి చూపించేవాడు. అంచేత నేను ఏ కొట్టు గడియారాన్నీ నమ్మను. ఇది మా ఇంటి విద్య. ఆరోజు నా కొంప ముంచింది కూడా ఇదే.

మా నాన్నకి ఒక అక్క. నాన్న ఎస్టేట్ వదిలి బజారుకి వచ్చాడుగానీ, అత్త అక్కడే ఉండిపోయింది. రబ్బరు చెట్లకి గాటుపెట్టి పాలు పట్టే పని. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. కొడుకు లేకపోయినా నన్ను మాత్రం "కోడలా" అనే పిలిచేది. ఆవిడ మాట మా తాతలు విశాఖపట్నం దిక్కునుంచి ఓడలో తెచ్చిన మాట. మాకు బజారులో అరిగిపోయిందిగానీ, ఆవిడ నోట్లో చెక్కు చెదరలేదు. ఎవరు ఏం చెప్పినా ముందు "ఏటి?" అనేది. విననట్టు కాదు. విన్నదాన్ని ఇంకోసారి తూకం వేయించడానికి.

ఆవిడ ఎస్టేట్‌లో తెల్లవారుజామున ఐదింటికి గంట కొడతారు. గంటంటే గంట కాదు, చెట్టుకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అది మోగితే పనివాళ్ళంతా ఆఫీసు ముందు వరసగా నిలబడాలి, పేర్లు పిలుస్తారు. దాన్ని పెరట్టు అంటారు. రబ్బరు పాలు చలిలో ఎక్కువ జారతాయి, ఎండెక్కితే గడ్డకడతాయి. ఎంత ముందు గాటు పడితే దొరకి అంత లాభం. పని ముగియడానికి మాత్రం గంట లేదు. పాలు మోసుకొచ్చి, తూచి, బాల్చీలు కడిగితే అయినట్టు. సాయంత్రం ఆరింటికి ఇంకో గంట: కంచె గేటు మూస్తారు. ఎమర్జెన్సీలో పనివాళ్ళుండే లైన్ ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఆరు దాటాక లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే.

ఒకరోజు అత్త పెరట్టుకి ఆలస్యమైంది. అత్త ఆలస్యమవడమంటే పొద్దు పడమట పొడిచినట్టు. వరస చివర నిలబడితే కిరాణీ చూశాడు. ఎస్టేట్ ఆఫీసు గుమాస్తాని అక్కడ కిరాణీ అంటారు. మాది కిరాణా, ఆయన కిరాణీ. మా దగ్గర తూకం తగ్గితే జనం అరుస్తారు, ఆయన దగ్గర తగ్గితే జనం తలొంచుతారు. ఆయన అత్తకి ఆ రోజు సగం కూలి కోసి రాశాడు. అత్త తలొంచలేదు.

"గంట ముందు కొట్టినారు. ఆకాశంలో ఐదింటి సుక్క రాలేదు. నాను సూసే లేసినాను."

ఆయన నవ్వాడట. అంతమంది ముందూ అన్నాడట: "సుక్కని చూసి గంట కొట్టాలా? మన గంట కౌలాలంపూర్ పెద్ద గడియారం ప్రకారం నడుస్తుంది. అనుమానంగా ఉంటే వెళ్ళి చూసి రా."

వరసంతా నవ్విందట. అది ఆవిడకి తగిలింది. సగం కూలి పోయిందని ఆవిడ మా కొట్టుకొచ్చి ఏడవలేదు. "నానబద్దమాడినానని నవ్వినారే కోడలా" అంది, బియ్యం బస్తా మీద కూర్చుని. "ఎల్లి సూసి రమ్మన్నాడు. ఎల్దాం. ఆ గంట ఇంటాను. తప్పు నాదైతే పెరట్టులో అందరి ముందూ ఒప్పుకుంటాను. ఆలదైతే ఆలొప్పుకోవాల."

గడియారం ముళ్ళు ఆవిడకి చదవడం రాదు. వచ్చినా నమ్మదు. "ముల్లు ఎవడైనా తిప్పుతాడు, మీ నాన్న తిప్పటం లేదా? గంటైతే ఊరంతా ఇంటది." కాఫీ కొట్టు రేడియో వేళ చెబుతుంది కదా అంటే, ఆ పెట్టెలో మాట్లాడేవాడు ఏ ఊళ్ళో కూర్చున్నాడో ఎవరు చూశారంది.

ఉపాయం నాదే. ముందురోజు రాత్రి ఎస్టేట్‌లో అత్త దగ్గర పడుకున్నాను. తెల్లవారుజామున రైలు పట్టా మోగగానే నా చేతి వాచీని సరిగ్గా ఐదుకి తిప్పాను. ఇక ఈ వాచీలో నడిచేది ఎస్టేట్ టైము. కౌలాలంపూర్ గడియారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేటప్పుడు దాని ముందు నిలబడి వాచీ చూస్తే సరి. పన్నెండే ఉంటే కిరాణీ నెగ్గాడు. దాటి ఉంటే అత్త నెగ్గింది.

"పన్నెండైతేనే మంచిది" అంది అత్త. "ఒంటిగంటైతే ఒక్కటే కొడతాది. పావుగంటకి కొట్టిందో గంటకి కొట్టిందో అని మల్లీ ఆడు పేసీ పెడతాడు. పన్నెండైతే ఎవుడూ కాదనలేడు."

గేటు దగ్గర సోదా చేశారు. అన్నం పొట్లం బయటికి తీసుకెళ్ళకూడదు. అత్త వక్కాకు సంచి నేలమీద దులిపించారు. మూడు తమలపాకులు, సున్నం డబ్బీ. దానికి నలుగురు మనుషులు, రెండు తుపాకులు. బంటింగ్ దాకా నడక, అక్కణ్ణుంచి క్లాంగ్‌కి బస్సు, క్లాంగ్‌నుంచి కౌలాలంపూర్‌కి ఇంకోటి, దారిలో ఇంకోచోట ఆపి మళ్ళీ అదే సంచి దులిపారు. అత్త ఈసారి తనే దులిపి, "ఆకు కావాలేటి?" అని అడిగింది. పోలీసు కుర్రాడు సిగ్గుపడి ఒకటి తీసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఆకునే సోదా చేసి మా ఆకే తింటాడా అని.

కౌలాలంపూర్‌లో దిగేసరికి వాచీలో పదిన్నర దాటింది. నేరుగా గడియారం దగ్గరికి నడిచిపోయుంటే ఇంత కథ లేదు. కానీ అత్త మొదటిసారి పట్నమొచ్చింది. గంటన్నర చేతిలో ఉంది. ఊరు చూపిద్దామనుకున్నాను. బస్సులాగే చోట ఒక టాక్సీవాడు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. తమిళతను, ముప్పై ఏళ్ళుంటాయి, నూనె రాసి దువ్విన జుట్టు. ఊరంతా తిప్పి పన్నెండు కొట్టకముందే పెద్ద గడియారం దగ్గర దించాలి, ఎంత అన్నాను.

"త్రీ డాలర్, అక్కా."

నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి లారీలు రెండు మోతపెట్టుకుంటూ పోయాయి. అత్త అతని మొహంలోకి చూసి అడిగింది. "ఏటి?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఎయిటీయా? ఎయిటీ సెంట్లకి పెట్రోలు వాసన కూడా రాదమ్మా. సరే, రెండున్నర."

నాకప్పుడు వెలిగింది. మా ఏటిని అతను ఇంగ్లీషు ఎనభై అనుకుంటున్నాడు. మంచి వ్యాపారి ఇలాంటప్పుడు దిద్దుతాడా? నేను నోరు మూసుకున్నాను.

"ఏటంటన్నాడే?" అత్త నావైపు తిరిగింది.

"మళ్ళీ ఎయిటీయే అంటోంది" అన్నాడతను నాతో, మొర పెట్టుకున్నట్టు. "మీరైనా చెప్పండక్కా. రెండు."

"నేనేం చెప్పను, పెద్దావిడ మాట" అన్నాను.

అత్తకి తమిళం వచ్చుగానీ, అతను కలిపే ఇంగ్లీషు అంకెలు ఒక్కటీ అర్థం కాలేదు. అతను చేతులు తిప్పుతుంటే కన్ను ఆర్పకుండా చూస్తోంది. బేరంలో అలాంటి మొహం నాకు ఇరవై ఏళ్ళు సాధన చేసినా రాలేదు. "ఏటి, ఏటీ?" అంది చివరికి, విసుగ్గా. ఒకటిన్నర అన్నాడు. "ఏటి గోల ఇది" అంది. అతను తలుపుకి ఆనుకుని, తల గోక్కుని, పక్కున నవ్వేశాడు.

"ఎక్కండి. ఎయిటీయే. కానీ ఆ ధరకి నేను ఆపినచోట మీరు దిగాలి. నేను చాలన్నదాకా చూడాలి."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ చివరి మాటని చెవికి పోనివ్వలేదు. బేరం నెగ్గినవాడికి షరతు వినపడదు. ఈ జబ్బు మా వంశంలో అందరికీ ఉంది.

ఊరు చూశాం. రైల్వే స్టేషన్ బయటినుంచి చూశాం. గుమ్మటాలు, తెల్లటి బురుజులు. "రాజులుండే మేడ కట్టి లోపల రైలు పెట్టినారా" అంది అత్త, అన్యాయమన్నట్టు. రెండు ఏరులు కలిసేచోట మసీదు చూశాం. ఏటి నీళ్ళు పాలేసిన టీలా ఉన్నాయి. రెండూ బురదే అయితే ఏది ఏదో ఎలా తెలుస్తుందని డ్రైవర్ని అడిగింది. కలిశాక ఎందుకమ్మా తెలియడం అన్నాడతను. ప్రతి మేడ దగ్గరా ఆవిడ ప్రశ్న ఒకటే: "గంట ఇందులో ఉన్నాదేటి?" ఇందులో లేదమ్మా, వస్తుంది అనేవాడు.

తరవాత బతు రోడ్డులో ఒక బట్టల కొట్టు ముందు ఆపాడు. దిగండన్నాడు. లోపల ఒక షావుకారు, మా డ్రైవర్‌కి కాఫీ తెప్పించాడు. నాకు అప్పుడుగానీ తెలియలేదు, ఆ ఎనభై సెంట్లు పోగా మిగతా డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో. నాకు కోపం రావాలి కదా. వచ్చింది. కానీ గల్లాపెట్టె పక్కన ఆకుపచ్చ వాయిల్ తాను కనపడింది. నేను కొట్టువాళ్ళ పిల్లని. అవతలివాడు పదహారు మూరలు పరిచి పెడితే చూస్తూ ఊరుకోడం చేతకాదు.

ఎంత అన్నాను. చెప్పాడు. నేను నవ్వాను. అతను మా నాన్న ఆరోగ్యం అడిగాడు. మా నాన్నెవరో అతనికి తెలియదు. నేను అతని పిల్లల చదువులు అడిగాను. రంగు నిలుస్తుందా అన్నాను. అమ్మతోడన్నాడు. మీ అమ్మ ఈ కొట్లో కొన్నదా అన్నాను. అలా సాగింది. మధ్యలో అత్త వచ్చి మోచేత్తో పొడిచింది.

"ఏళైపోతాది కోడలా."

వాచీ చూశాను. పన్నెండుకి పదిహేను నిమిషాలే ఉంది. డ్రైవర్‌కేసి తిరిగి, లే అన్నాను.

అతను కాఫీ చల్లార్చుకుంటూ, "ఇంకా చాలా టైముందక్కా. పదకొండున్నరకి కూడా కొట్టలేదు" అన్నాడు.

షావుకారు గోడమీద గడియారం కూడా అతని వైపే సాక్ష్యం చెబుతోంది. నేను దానికేసి చూసి ఊరుకున్నాను. కొట్టు గడియారాల సంగతి నాకు తెలియదా. షావుకారు జనాన్ని ఇంకాసేపు కూర్చోబెట్టాలని వెనక్కి తిప్పాడు, డ్రైవర్ కమీషన్ కోసం వంత పాడుతున్నాడు. ఇద్దరూ ఒకటే. నాకు అంతా తెలిసిపోయింది. అంతా తెలిసినదాన్ని వెంటనే బయటికి రావాలి కదా? అయితే షావుకారు అప్పుడే సగం ధరకి దిగాడు. సగానికి దిగినవాణ్ణి వదిలేసి ఎలా రావడం. ఇంకో అయిదు సెంట్లు కోసి, గుడ్డ కొలిపించి, మడత పెట్టించి, పొట్లం కట్టించి బయటపడేసరికి వాచీలో పన్నెండు దాటింది.

బండిలో నేను అన్న మాటలన్నీ రాయను. దొంగవన్నాను. పెద్దావిణ్ణి మోసం చేశావన్నాను. నీ ఎనభై సెంట్లు నీ మొహాన కొడతానన్నాను. అది చాలా చిన్న దెబ్బ అని అప్పుడు తోచలేదు. అతను రెండుసార్లు "ఇంకా కొట్టలేదక్కా" అన్నాడు. తరవాత బండి తోలాడు. చెవులు ఎర్రబడ్డాయి.

పచ్చగడ్డి మైదానం పక్కన ఆపాడు. ఎదురుగా ఎర్ర ఇటుకల గవర్నమెంటు మేడ, రాగి గుమ్మటాలు, మధ్యలో గడియారం బురుజు. వాచీలో పన్నెండు ఇరవై; వేళ మించిపోయిందన్న కోపంలో నేను తలెత్తి బురుజు ముళ్ళకేసి చూడనైనా లేదు.

అత్త దిగింది. బురుజుకేసి చూడలేదు. గడ్డి అంచున చతికిలబడి సంచి తెరిచి, ఆకుకి సున్నం రాయడం మొదలుపెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. మా ఇంట్లో తిట్టుకి తిట్టు అప్పగించి లెక్క తీర్చేస్తాం. ఊరుకున్నవాళ్ళతో ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. నా చంకలో ఆకుపచ్చ వాయిల్ పొట్లం. ఒక మనిషి మాట నిలబెట్టుకోడానికి రెండు బస్సులు మారి వస్తే, నేను అయిదు సెంట్లకోసం ఆ మాటని అమ్మేశాను.

"ఒంటిగంట దాకా ఉందాం అత్తా. ఒకటి కొడుతుంది" అన్నాను.

"ఒకటి నాకెందుకే" అంది.

అప్పుడు బురుజు మోగింది.

మొదట సన్నగా ఏదో పాటలా మోగి ఆగింది. ఆ తరవాత లావుగా, ఒక్కొక్కటే. అత్త చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. బొటనవేలు చిటికెనవేలి కణుపు మీదికి పోయింది. ఒక వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్ళు. బాల్చీలు లెక్కపెట్టే లెక్కే అది. నేను వాచీ చూస్తున్నాను, నా నోరు తెరిచే ఉంది. చూపుడు వేలు చివరి కణుపు దగ్గర గంట ఆగింది, అత్త బొటనవేలూ ఆగింది. ఇంకా మోగుతుందేమోనని కాసేపు కదపలేదు. మోగలేదు.

"పన్నెండు" అంది. "నీదాంట్లో ఎంత?"

"పన్నెండు దాటి ఇరవై రెండు నిమిషాలు."

"అంటే ఏటి?"

"అంటే మీ ఎస్టేట్ గంట ఇరవై రెండు నిమిషాలు ముందు కొడుతోంది. రోజూ. పొద్దున లేపేటప్పుడు ముందే, సాయంత్రం గేటు మూసేటప్పుడూ ముందే."

తక్కెడలో ఒక పక్క వేలు పెట్టేవాళ్ళని చూశాను. ఆ పని చేసినవాణ్ణి మా బజారులో నలుగురూ కలిసి చొక్కా చింపి పంపారు. రెండు పళ్ళాల్లోనూ వేళ్ళు పెట్టి, పైగా పెద్ద గడియారం మీద ప్రమాణం చేసేవాణ్ణి అప్పుడే వినడం. వాడికి బంగళా, తుపాకీ, కంచె, అడిగినవాళ్ళకి సగం కూలి కోత. నిద్ర కూడా సరుకేనని, దాన్ని తూకంలో కొట్టెయ్యొచ్చని మా నాన్నకి కూడా తట్టలేదు.

డ్రైవర్ బండికి ఆనుకుని చూస్తున్నాడు. "వాచీ ఎక్కడ కొన్నారక్కా, బాగుచేయించండి" అన్నాడు, పొడిగా. అత్త తమిళంలో అతనికి జరిగిందంతా చెప్పింది. అతను వచ్చి మాకు కొంచెం దూరంలో గడ్డి మీద కూర్చున్నాడు.

"మా అమ్మది సుంగై పెటాని వైపు ఎస్టేట్" అన్నాడు. "అక్కడ గంట కొట్టేవాడు మా మామయ్యే. ఆఫీసులో గడియారం చూసి కొట్టేవాడు. ఆ గడియారం ఎవరు చూశారు."

ఇక పోదాం, బస్సు దొరకాలి అన్నాను. అత్త కదల్లేదు.

"ఉండు. ఇందాకా ఎంతన్నావు, ఇరవై రెండా? అవి నావి. ఈరోజువి ఇక్కడ కూకుని కర్సు సేత్తాను."

కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. ఎదుటి పక్క దొరల క్లబ్బు, పెంకుల చూరు, అరుగు మీద ఎవరో గ్లాసు పట్టుకుని పేపరు చదువుతున్నాడు. మైదానంలో ఒకతను గొట్టంతో గడ్డికి నీళ్ళు కొడుతున్నాడు. బురుజు మీద ఇంకా దొరల జెండాయే. వచ్చే ఏడు మారుతుందంటున్నారమ్మా అన్నాడు డ్రైవర్. "జెండా మార్సినోళ్ళు గడియారం ఉంచుతారేటి?" అని అడిగింది. ఉంచుతారనే అనుకుంటా అన్నాడు. "మరైతే పర్లేదు." నీళ్ళు కొట్టేవాణ్ణి చూస్తూ ఆకు నమిలింది. రైల్వే స్టేషన్నీ మసీదునీ కిటికీలోంచి చూసిన మనిషి, ఆ గడ్డిని మాత్రం తీరుబడిగా చూసింది. వేళైందని నేను చెప్పాక లేచింది.

ఆగినందుకు ఏమైనా ఇవ్వాలి కదక్కా అన్నాడు డ్రైవర్. అత్త అటు తిరిగి "ఏటి?" అంది. అతను నవ్వి ఊరుకున్నాడు. నేను ఎనభై సెంట్లే లెక్కపెట్టి ఇచ్చాను. నెగ్గిన బేరం కదా.

బంటింగ్‌లో బస్సు దిగి ఎస్టేట్ దారిలో నడుస్తుంటే అప్పుడు తగిలింది నాకు. "అత్తా, నిజం ఆరుకి మనకింకా టైముంది. కానీ గేటు వాళ్ళ ఆరుకి మూస్తారు. మనం అక్కడ కూర్చున్న ఇరవై నిమిషాలూ ఇక్కడ తగ్గుతాయి."

"తెల్సు" అంది అత్త, నడక మార్చకుండా.

"ఎప్పుడు తెలుసు?"

"కూకున్నపుడే."

నాలో ఉన్న బేరగత్తె అక్కడే ఆగిపోయింది. ఆవిడ ముందే ధర కట్టి, తెలిసే చెల్లిస్తోంది.

గేటు మూసేశారు. ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది. తుపాకీ పట్టుకున్న మలాయ్ కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "తా బోలే లా, మక్చిక్. గంట అయిపోయింది." కుదరదు పిన్నీ అని. కంచెకి అవతల లైన్ ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే పోగయ్యారు. కిరాణీని పిలవమంది అత్త. ఆయన పంచె సర్దుకుంటూ వచ్చాడు.

"ఏమిటీ, మళ్ళీ ఆలస్యమా" అన్నాడు.

"ఎల్లి సూసి రమ్మన్నారు. ఎల్లి సూసి వొచ్చినాను" అంది అత్త, అందరికీ వినపడేలా తమిళంలో మొదలెట్టి తెలుగులోకి జారిపోతూ. "కౌలాలంపూర్లో ఇంకా ఆరు కొట్టలేదు. పన్నెండు కొట్టినపుడు ఈ పిల్ల వాచీలో ఇరవై రెండు నిమిసాలు ఎక్కువున్నాది. ఈ వాచీ మీ గంటకే పెట్టినాం. సూపించే."

కంచె సందులోంచి చెయ్యి చాపాను. ఆయన వాచీకేసి చూడలేదు. వెనకున్న జనంకేసి చూశాడు. కౌలాలంపూర్ ఎవరు వెళ్ళొస్తారులే అనుకున్న మనిషి మొహం అది.

"కౌలాలంపూర్ టైము కౌలాలంపూర్‌ది" అన్నాడు. "ఎస్టేట్ టైము ఎస్టేట్‌ది. దొర పెట్టిన టైము."

"ఆ రోజు వేరేగా సెప్పినారే" అంది అత్త.

జనంలో ఎవరో నవ్వారు. ఈసారి నవ్వు ఇటునుంచి అటు పోయింది. ఆయన గేటు తియ్యమని చేత్తో సైగ చేసి, రేపు నీకు పని లేదు అని చెప్పి వెళ్ళిపోయాడు. తప్పు ఒప్పుకోలేదు. గంటా సరిచెయ్యలేదు. మర్నాడు అదే చీకట్లో అదే రైలు పట్టా మోగింది. మెర్డేకా వచ్చింది, బురుజు మీద జెండా మారింది, ఎస్టేట్‌లో అదే గంట. తేడా ఒకటే. ఆ లైన్లలో అప్పట్నుంచి గంట మోగితే "దొర ఐదైంది" అనేవారు. కౌలాలంపూర్ ఐదు ఆ తరవాత, లేచి మొహం కడుక్కునే వేళకి వచ్చేది. కిరాణీ వింటుండగానే అనేవారు. దానికి కూలి కొయ్యడానికి ఆయనకి వీలు దొరకలేదు.

ఇక ఆరోజు ఖర్చు. టాక్సీ ఎనభై సెంట్లు, బస్సులు వేరే. ఆకుపచ్చ వాయిల్ సగం ధరకంటే అయిదు సెంట్లు తక్కువ. మొదటి ఉతుకులోనే రంగు దిగి నాన్న చొక్కాలు రెండు పచ్చబడ్డాయి కాబట్టి వాటినీ కలుపుకోవాలి. మర్నాటి కూలి అత్తది. నేను ఇస్తానంటే తీసుకోలేదు. డ్రైవర్ చెప్పిన టైము నిజం, నేనన్న దొంగ మాట అబద్ధం. ఆ బాకీ తీర్చకుండానే వచ్చేశాను, బండి నంబరైనా చూసుకోలేదు. జమ వైపు ఇరవై రెండు నిమిషాలు, పచ్చగడ్డి మీద. అవి అత్తవి, నా వాటాకి రావు. మా కొట్టు గడియారం అప్పటికీ పావుగంట వెనకే నడుస్తోంది. దాన్ని ఏ వైపు వెయ్యాలో ఆరోజు తేల్చలేకపోయాను. ఇప్పుడు ఖర్చు వైపే వేస్తున్నాను.